డిప్రెషన్‌కు ‘మెదడువాపు’ అన్న పేరు తగదు

సంపాదకుల వారికి నమస్కారములు.

రెండు నెలల కిందట ఒక ఆదివారం మీ ఆరోగ్య పుటలో ‘డిప్రెషన్‌కు మెదడువాపే మూలం: పనికిరాని ఆర్‌ఎన్‌ఏ గుట్టు రట్టు’ అన్న శీర్షికతో వెలువడిన కథనం గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. డిగ్రీ కళాశాలలో 32 ఏళ్లు జంతుశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. కథనంలో ప్రస్తావించిన పరిశోధన, అంటే డిప్రెషన్‌లో ఇన్‌ఫ్లమేషన్ (శరీర రక్షణ వ్యవస్థ చల్లారకుండా పనిచేయడం) పాత్రనూ, ప్రోటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏల పాత్రనూ వెతికే పని, ఉత్తదని నేను అనడం లేదు; ఆ రంగంలో జరుగుతున్న పని గట్టిదే. నా అభ్యంతరమంతా శీర్షికలోని మాటల మీద, ముఖ్యంగా ‘మెదడువాపు’ అన్నదాని మీద, ‘పనికిరాని’ అన్నదాని మీద. వీటిలో మొదటిది మా ఇంట్లో ఒక పసిబిడ్డను నాలుగు రాత్రులు తల్లికి దూరం చేసింది కనుక కొంచెం వివరంగా రాయవలసి వస్తోంది. నిడివిని మన్నించగలరు.

మా అక్క గుంటూరులో ఉంటుంది. ఆమె కూతురు రెండో కాన్పు తర్వాత డిప్రెషన్‌కు లోనై, పది నెలలుగా హైదరాబాద్‌లో మానసిక వైద్యుని పర్యవేక్షణలో సెర్ట్రలిన్ మాత్రలు వాడుతూ, కొంత కోలుకుని, పిల్లలతో పుట్టింటికి వచ్చి ఉంది. కథనం వచ్చిన మర్నాడు పొద్దున్నే అక్క నాకు ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, “తమ్ముడూ, దీనిది మెదడువాపని పేపర్లో రాశారు. చంటిదానికి అంటుకుంటుందేమోనని రాత్రి నా పక్కలో పడుకోబెట్టుకున్నాను. పాలు కూడా మాన్పించేద్దామా?” అని అడిగింది. అంటదని ఎంత చెప్పినా నమ్మలేదు. అచ్చులో ఉన్నది అబద్ధమెలా అవుతుందన్నది ఆమె వాదన. నాలుగో రోజున తెనాలి నుంచి బయలుదేరి వెళ్లాను. అక్క ఆ పుటను కత్తిరించి, దేవుడి గూట్లో పంచాంగం కింద మడిచి పెట్టుకుని ఉంది. అంతకన్నా కంగారు పెట్టిన సంగతి, మా మేనకోడలు అప్పటికే మాత్రలు మానేసింది. “వాపుకు వేరే మందుండాలి కదా మామయ్యా, ఇవి వాపు తగ్గించే మాత్రలు కావట” అంది. సెర్ట్రలిన్ ఒక్కసారిగా ఆపినందువల్ల తల తిరగడం, ఉన్నట్టుండి ఒళ్లంతా కరెంటు తగిలినట్టు జివ్వుమనడం మొదలైతే, అవి వాపు ముదిరిన లక్షణాలని ఇల్లంతా అనుకుంటోంది. వైద్యునితో ఫోన్లో మాట్లాడించి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించి, ఆ రాత్రి పాపను తల్లి పక్కన పడుకోబెట్టించి తిరిగి వచ్చాను.

అక్క భయాన్ని అజ్ఞానమని తోసిపుచ్చడానికి వీల్లేదు. తెలుగువారికి ‘మెదడువాపు’ అనేది వర్ణన కాదు, ఒక జబ్బు పేరు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను మన ఊళ్లలో ఆ పేరుతోనే పిలుస్తాం. వానాకాలంలో పందులను ఊరవతలికి తోలించడం, సాయంత్రం వీధుల్లో దోమల పొగ కొట్టడం, ఫిట్స్‌తో కొట్టుకుంటున్న పిల్లలను చేతుల మీద వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తడం, ఇవన్నీ ఆ మాట వెంట వచ్చే జ్ఞాపకాలు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో ఆ జబ్బు ఎంతమంది పసివాళ్లను పొట్టన పెట్టుకున్నదో మా తరం మరిచిపోలేదు. అది క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే వైరస్ వల్ల వస్తుంది. పందుల్లో, కొంగజాతి పక్షుల్లో పెరుగుతుంది. మనిషి నుంచి మనిషికి అదీ అంటదు. ఆ జబ్బులో మెదడు కణజాలం నిజంగానే ఉబ్బుతుంది, పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతుంది, రోగికి స్పృహ తప్పుతుంది. డిప్రెషన్ విషయంలో శాస్త్రజ్ఞులు చెబుతున్నదానికీ దీనికీ పోలికే లేదు. రెండింటికీ ఒకే పేరు పెట్టడమంటే, అన్నం ఎసరు మరగడానికీ కొంప అంటుకోవడానికీ మంట అనే ఒకే మాట వాడి ఊరుకోవడం.

చిక్కు ఎక్కడుందో నాకు తెలుసు. మీరు ‘వాపు’ అని రాసినది శాస్త్రజ్ఞులు ఇన్‌ఫ్లమేషన్ అనేదాన్ని; ఆ మాటకు తెలుగులో సరిగ్గా సరిపోయే మాట లేదు. వాపు అంటాం, మంట అంటాం, వైద్య గ్రంథాలు తాపమంటాయి, ఆయుర్వేదం చదివినవారు శోథ అంటారు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత సెల్సస్ దానికి ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగు లక్షణాలు చెప్పాడు. అంటే వాపు ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. ముల్లు గుచ్చుకున్న వేలిలో నాలుగూ కనిపిస్తాయి. డిప్రెషన్‌లో చెప్పే ఇన్‌ఫ్లమేషన్‌లో ఈ నాలుగింటిలో ఒక్కటీ బయటికి కనిపించదు. ఎమ్మారై తీయించినా ఉబ్బు కనపడదు. అక్కడ జరిగేది శరీర రక్షణ వ్యవస్థ తక్కువ స్థాయిలో, ఎడతెగకుండా, అవసరం తీరాక కూడా చల్లారకుండా పనిచేస్తూ ఉండటం.

ఇది అర్థం కావడానికి ప్రయోగశాల అక్కర్లేదు, రెండు రోజుల జ్వరం చాలు. జ్వరంలో మనిషికి తిండి సయించదు, పలకరిస్తే విసుగు, నిద్ర చెదురుతుంది, ఇష్టమైన పని మీద కూడా మనసు పోదు, గోడవైపు తిరిగి పడుకోవాలనిపిస్తుంది. ఈ మార్పులు సూక్ష్మజీవి నేరుగా చేసేవి కావు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలు విడుదల చేసే సైటోకైన్లు, అంటే ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ వంటి సంకేత ప్రోటీన్లు, మెదడుకు కబురు పంపి శరీరాన్ని విశ్రాంతిలోకి నెట్టడం వల్ల కలిగేవి. బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు 1988లో దీన్ని జంతువులు కోలుకోవడానికి తోడ్పడే ప్రవర్తనగా వివరించాడు. జబ్బుపడ్డ గేదె కుడితి ముట్టకుండా, మందకు దూరంగా పడుకోవడం చూసిన రైతులకు ఇది కొత్త సంగతేమీ కాదు. జ్వరం తగ్గాక ఆ కబురు ఆగాలి. కొందరిలో అది ఆగకపోతే ఏమవుతుందన్న ప్రశ్న నుంచే ఈ పరిశోధనంతా మొదలైంది.

దానికి బలమైన సాక్ష్యం ఒక మందు నుంచి దొరికింది. హెపటైటిస్-సి కి, కొన్ని రకాల క్యాన్సర్లకు ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చే రోజుల్లో, అంతకు ముందు ఏ మానసిక సమస్యా లేనివారు కూడా వారాల వ్యవధిలో డిప్రెషన్‌లోకి జారిపోవడం వైద్యులు గమనించారు. ఇంటర్‌ఫెరాన్ కూడా సైటోకైనే. 2001లో అమెరికా పరిశోధకులు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులు 40 మందిని తీసుకుని, సగం మందికి ఇంటర్‌ఫెరాన్‌కు రెండు వారాల ముందు నుంచే పారోక్సిటిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చి, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 45 శాతం మందికి డిప్రెషన్ రాగా, పారోక్సిటిన్ వేసుకున్నవారిలో 11 శాతం మందికే వచ్చింది. “ఇవి వాపు మాత్రలు కావు” అని మాత్రలు పక్కన పడేసిన మా మేనకోడలికి నేను మొదట చెప్పినది ఈ సంగతే. డిప్రెషన్‌కు దారి రక్షణ వ్యవస్థ వైపు నుంచి పడ్డప్పుడు కూడా పాత మందు పనిచేయవచ్చు.

ఇక ‘మూలం’ సంగతి. మీ శీర్షికలో ‘మెదడువాపే’ అన్నచోట ఒక ఏకారం ఉంది. తెలుగులో ఆ ఒక్క అక్షరం మిగతా కారణాలన్నింటినీ గడప బయటకు నెట్టేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్‌కు స్థూల సూచికగా వాడే సీ-రియాక్టివ్ ప్రోటీన్, అంటే సీఆర్‌పీ, లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించి ఉన్నవారు డిప్రెషన్ రోగుల్లో సుమారు 27 శాతమని, అనేక అధ్యయనాలను కలిపి చూసి 2019లో ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. దాదాపు నాలుగో వంతు. అంటే ఆ గీటురాయి మీద మిగిలిన మూడు వంతుల మందికి ఆ స్థాయి కనబడటం లేదు. ఆ నాలుగో వంతులో కూడా స్థూలకాయం, పొగతాగడం, మధుమేహం, చిగుళ్ల జబ్బు, ఎప్పుడో బాల్యంలో మనసుకు తగిలిన దెబ్బలు, ఇవన్నీ సీఆర్‌పీని పెంచగలవు. డిప్రెషన్ వల్ల తిండి, నిద్ర, నడక తప్పిపోయి ఇన్‌ఫ్లమేషన్ పెరగడమూ ఉంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది మనిషి మనిషికీ మారుతుంది.

చికిత్సా ప్రయోగాలు కూడా ఇదే చెబుతున్నాయి. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయ వైద్యులు 2013లో, మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిపై, కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే టీఎన్ఎఫ్ నిరోధకాన్ని పరీక్షించారు. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా రాలేదు. కాని సీఆర్‌పీ 5 మిల్లీగ్రాములకు మించి ఉన్నవారిని విడదీసి చూస్తే వారిలో కొంత మేలు కనిపించింది. తక్కువ ఉన్నవారు ఉత్తుత్తి మందు మీదే మెరుగ్గా ఉన్నారు. అందరికీ ఒకే తాళం చెవి పట్టదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ప్రయోగం నాకు కనబడలేదు. మినోసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మెదడులోని రక్షక కణాలను శాంతింపజేస్తుందని ఎలుకల్లో కనిపించగా, జర్మనీలో దాదాపు 170 మంది రోగులపై ఆరు వారాలు వాడి చూసి, ప్రయోజనం లేదని 2022లో ప్రకటించారు. ఎలుకలకు పనిచేసిన మందు మనుషులకు పనిచేయకపోవడం ఆ మందుకు చిన్నతనం కాదు. పత్రికలకు మాత్రం అది ఎప్పటికప్పుడు గుర్తుండవలసిన సంగతి.

ఇప్పుడు మా ఇంటి రెండో ఘట్టం. కథనం చదివిన మా అక్క అల్లుడు, భార్య మీద ప్రేమతోనే, ఫోన్లో వెతికి ఒక ల్యాబ్ వారి ‘మెదడు ఇన్‌ఫ్లమేషన్ ప్రొఫైల్’కు 2,800 రూపాయలు కట్టాడు. ఒక కుర్రవాడు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లాడు. మర్నాడు వచ్చిన రిపోర్టులో విటమిన్లు, థైరాయిడ్, కొలెస్ట్రాల్ అన్నీ పేర్చి, చివర హెచ్ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీనే మరింత సూక్ష్మంగా కొలిచే పరీక్ష) 6.8 అని ఎర్రటి దళసరి అక్షరాల్లో వేసి, పక్కన పైకి చూస్తున్న బాణం గుర్తు పెట్టారు. ఆ ప్రొఫైల్ మొత్తంలో మెదడు నుంచి వచ్చినది ఒక్కటీ లేదు. సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. నేను రిపోర్టు చూస్తూ, “నీకెక్కడైనా నొప్పి ఉందా తల్లీ?” అని అడిగితే, ఆమె కుడి దవడ చూపించి, వారం రోజులుగా జ్ఞానదంతం దగ్గర చిగురు సలుపుతోందని చెప్పింది. దంతవైద్యుడు చీము తీసి మందులిచ్చాడు. మూడు వారాల తర్వాత అదే సీఆర్‌పీ 1.4కు దిగింది. ఆమె మనసు మాత్రం ఆ మూడు వారాల్లో పెద్దగా మారలేదు; మందులూ, వారానికొకసారి వైద్యునితో మాటలూ నడుస్తున్నకొద్దీ దాని పాటికది నెమ్మదిగా తేరుకుంటోంది. ఒక్క మనిషి కథతో శాస్త్రాన్ని తేల్చకూడదని నాకు తెలుసు. ఒక్క అంకెతో ఒక్క మనిషి మెదడును కూడా తేల్చకూడదని చెప్పడానికే ఇది రాశాను.

మెదడు లోపల ఏం జరుగుతున్నదో చూసే ప్రయత్నాలు వేరే ఉన్నాయి. మెదడులో మైక్రోగ్లియా అనే కణాలుంటాయి. స్పెయిన్‌కు చెందిన రియో-ఒర్తేగా 1919లో వీటిని విడిగా గుర్తించాడు. మామూలప్పుడు ఇవి సన్నని కొమ్మల్లాంటి చేతులు చాచి చుట్టుపక్కల తడుముతూ, చెత్త ఎత్తుతూ, అక్కర్లేని నాడీ సంధులను తుంచుతూ ఉంటాయి. ప్రమాదం పసిగడితే చేతులు ముడుచుకుని, ఒళ్లు విరుచుకుని, సైటోకైన్లు వదులుతాయి. ఆ స్థితిలో ట్రిప్టోఫాన్ అనే పోషకంలో మరింత భాగం కైన్యురెనిన్ అనే రసాయనంగా మారే దారిలోకి మళ్లుతుంది. ఆ దారి చివర క్వినోలినిక్ ఆమ్లమనే, నాడీకణాలను అతిగా రెచ్చగొట్టే పదార్థం తయారవుతుంది. టొరొంటోలో 2015లో 20 మంది డిప్రెషన్ రోగులకూ, 20 మంది ఆరోగ్యవంతులకూ పెట్ స్కాన్ తీసి, మైక్రోగ్లియా చురుకుదనంతో ముడిపడిన టీఎస్‌పీవో అనే ప్రోటీన్ రోగుల మెదడులో, ముఖ్యంగా ముందుభాగంలో, సుమారు 30 శాతం ఎక్కువగా ఉందని చూపించారు. అయితే ఆ ప్రోటీన్ మైక్రోగ్లియాలోనే కాక ఇతర కణాల్లో కూడా ఉంటుంది కనుక, దాన్ని బట్టి తీర్పు చెప్పేయడానికి శాస్త్రజ్ఞులే తొందరపడటం లేదు.

ఇక మీ శీర్షికలోని రెండో మాటకు వస్తాను. ‘పనికిరాని ఆర్‌ఎన్‌ఏ’ అన్నది నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏకు అనువాదమైతే, అది అనువాదం కాదు, అపవాదు. మన జీనోమ్‌లో, అంటే మన డీఎన్ఏ మొత్తంలో, సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం వాటిలో 2 శాతం కూడా ఉండదు. 1972లో సుసుము ఓనో అనే జన్యుశాస్త్రజ్ఞుడు మిగిలినదానికి చెత్త డీఎన్ఏ అన్న పేరు ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పేరు ఇప్పటికీ పత్రికలను వదలలేదు. ప్రోటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏ అని రాస్తే సరిపోయేది.

తరగతిలో దీన్ని నేను తహశీల్దారు కార్యాలయంతో పోల్చి చెప్పేవాణ్ణి. అసలు రికార్డు గది దాటి బయటికి రాదు, అది డీఎన్ఏ. పని జరగాలంటే దాని నకలు తీస్తారు. అది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. ఆ నకలు చూసి పని జరిగితే ప్రోటీన్ తయారవుతుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. అయితే ఆ నకలుకు ఎక్కడి నుంచో ఒక చిన్న చీటీ వచ్చి అంటుకుని, ‘ఇది నిలుపుదల చేయవలెను’ అంటే పని ఆగిపోతుంది. ఆ చీటీయే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. పొడవు సుమారు 22 అక్షరాలు. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ 1993లో ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో మొట్టమొదటి చీటీని, అది పనిచేసే తీరును బయటపెట్టారు. పురుగులో వింత అని చాలామంది పక్కన పెట్టారు. 2000లో అలాంటిదే మరొకటి మనుషులతో సహా ఎన్నో జంతువుల్లో ఉందని తేలాక అందరూ ఇటు తిరిగారు. 2024 వైద్యశాస్త్ర నోబెల్ వారిద్దరికీ దక్కింది. ఒక్కొక్క చీటీ వందల నకళ్లకు అంటుకోగలదు. వీటితో పాటు 200 అక్షరాలకు మించిన పొడవాటి రకాలున్నాయి, రెండు కొసలూ కలిసి చక్రంలా చుట్టుకున్న రకాలున్నాయి. చక్రాకారపు ఆర్‌ఎన్‌ఏల్లో కొన్ని ఆ చీటీలను తమకే అంటించుకుని, నకళ్ల జోలికి పోకుండా పట్టి ఉంచుతాయి. మెదడులో ఇవి సమృద్ధిగా ఉన్నాయి.

ఇన్‌ఫ్లమేషన్‌కూ వీటికీ లంకె ఇక్కడే ఉంది. సైటోకైన్ల తయారీకి ఆజ్ఞ ఇచ్చే ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్ చురుకైనప్పుడు, దానితో పాటే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-146ఏ కూడా పుడుతుంది. పుట్టి, ఆజ్ఞను ముందుకు మోసే రెండు ప్రోటీన్ల తయారీని తగ్గించి, తన పుట్టుకకు కారణమైన మంటనే తాను చల్లారుస్తుంది. 2006లో డేవిడ్ బాల్టిమోర్ బృందం చూపించిన ఈ ఏర్పాటు, అన్నం పొంగుతుండగా పొయ్యిలో పుల్ల వెనక్కి లాగే చేయి లాంటిది. దీనికి ఎదురుగా మైక్రో ఆర్‌ఎన్‌ఏ-155 ఉంది. అది మంటను అణిచే సాక్స్-1 అనే ప్రోటీన్ తయారీని అడ్డుకుని, పుల్లను ముందుకు తోస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-124 మైక్రోగ్లియాను నిశ్శబ్ద స్థితిలో ఉంచడానికి తోడ్పడుతుంది. అంటే ప్రోటీన్‌గా మారని ఈ చిన్న ముక్కలు మంటను రాజేసేవి మాత్రమే కావు, ఆర్పేవి కూడా. ‘గుట్టు రట్టు’ అన్న మాటలో అవేవో దొంగల్లా ధ్వనిస్తున్నాయి. అసలు సమస్య వాటి ఉనికి కాదు, వాటి మధ్య సమతూకం తప్పడం.

డిప్రెషన్‌తో నేరుగా ముడిపడిన ఆధారాలు కొన్ని ఉన్నాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో గుస్తావో టురెకీ బృందం, డిప్రెషన్ ఉండి చనిపోయినవారి మెదళ్లను పరిశీలించి, మనుషుల్లోనూ కోతిజాతి జీవుల్లోనూ మాత్రమే ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-1202 వారిలో తక్కువగా ఉందని 2014లో చెప్పింది. రక్తంలో దాని స్థాయికీ సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు పనిచేయడానికీ సంబంధం ఉన్నట్టు కూడా గమనించింది. ఎలుకల్లో లేని చీటీ కావడం వల్ల దీన్ని ఎలుకల మీద పరీక్షించడమే ఒక చిక్కు. నాన్‌జింగ్ పరిశోధకులు సర్క్‌డైమ్ అనే చక్రాకారపు ఆర్‌ఎన్‌ఏ డిప్రెషన్ రోగుల రక్తంలో తగ్గిందని, ఎలుకల్లో దాన్ని పెంచితే అది మైక్రో ఆర్‌ఎన్‌ఏ-9ని పట్టి ఉంచి మైక్రోగ్లియా ఉద్రేకాన్ని తగ్గించిందని చూపించారు. ఇన్‌ఫ్లమేషన్, నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ, డిప్రెషన్ మూడూ ఒకే దారంలో కనిపించే ఉదాహరణ ఇది.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసినది మాత్రం న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య సంస్థ 2020లో ప్రచురించిన పని. లింక్-00473 అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ డిప్రెషన్ ఉన్న స్త్రీల మెదడు ముందుభాగంలో తగ్గి ఉంది. పురుషుల్లో అలా లేదు. ఆడ ఎలుకల మెదడులో దాన్ని ప్రవేశపెడితే వాటికి ఒత్తిడిని తట్టుకునే శక్తి పెరిగింది. మగ ఎలుకల్లో ఆ ఫలితం రాలేదు. స్త్రీలకు డిప్రెషన్ పురుషుల కన్నా సుమారు రెట్టింపు వస్తుందన్నది ప్రపంచమంతా చూస్తున్నదే. ‘ఆడవాళ్లకు తీరిక ఎక్కువై వచ్చే రోగం’ అని బంధువుల్లోనే అన్నవారిని నేను విన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచే మా మేనకోడలి గురించి కూడా అన్నారు. స్త్రీ మెదడులో ఒక అణువు స్థాయిలో తేడా కనిపిస్తున్నదన్న సంగతి మీ కథనంలో ఒక వాక్యంగానైనా చోటు చేసుకుని ఉంటే, మీ పాఠకురాళ్లలో కొందరికి అది శీర్షిక కన్నా ఎక్కువ ఉపయోగపడేది.

ఇవన్నీ చెబుతూనే, వీటి హద్దులను దాచకూడదు. చనిపోయినవారి మెదడు ఆ మనిషి వాడిన మందులను, తాగిన మద్యాన్ని, చివరి గంటల యాతనను కూడా మోసుకుని ఉంటుంది. బతికున్నవారి నుంచి మనకు దొరికేది రక్తమే. రక్తంలోని ఆర్‌ఎన్‌ఏ మెదడులోని పరిస్థితికి అద్దమని ఇంకా రుజువు కాలేదు. నీటి తొట్టిలో వదిలిన ఎలుక ఈదడం మానేస్తే దాన్ని నిరాశకు కొలతగా తీసుకోవడంపై శాస్త్రజ్ఞుల మధ్యే వాదం నడుస్తోంది. ఒక బృందానికి పెరిగినట్టు కనిపించిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ మరొక బృందానికి తగ్గినట్టు కనిపించిన సందర్భాలున్నాయి. ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన మందులు వేరే జబ్బులకు వచ్చాయి. కండరాలు క్షీణించే ఒక జబ్బుకు 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినర్సెన్‌ను వెన్నులోకి సూదితో ఎక్కించాలి, ఎందుకంటే అలాంటి అణువులు రక్తం నుంచి మెదడులోకి తమంత తాము దాటలేవు. డిప్రెషన్‌ను నిర్ధారించే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కాని, దానికి ఆర్‌ఎన్‌ఏ మందు కాని ఇవాళ ఏ వైద్యుడి చేతిలోనూ లేదు. మీ కథనం చివరి వాక్యమైన ‘త్వరలోనే ఒక్క రక్తపు చుక్కతో నిర్ధారణ’ అన్నదే ఆ 2,800 రూపాయల ప్రొఫైల్‌కు గిరాకీ తెచ్చింది.

ఒకప్పుడు సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్ అని మీ పుటల్లోనే చదివాం. 2022లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ఆ సూత్రానికి స్థిరమైన ఆధారం లేదన్నది. దానిపై వాదోపవాదాలు సాగాయి. మందులు పనిచేస్తాయా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే ప్రయోగాలు జవాబు చెప్పాయి. కాని ఆనాడు కూడా కొందరు మాత్రలు మానేశారు. ఇప్పుడు సెరటోనిన్ పీట మీద ఇన్‌ఫ్లమేషన్‌ను కూర్చోబెడితే, రేపు దాన్ని దింపినప్పుడు మళ్లీ అదే జరుగుతుంది. మన దేశంలో మాత్రలు మొదలుపెట్టడమే గగనం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు.

కనుక నా విన్నపం ఇది. ‘మెదడువాపు’ అన్న మాటను జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వంటి జబ్బులకే విడిచిపెట్టి, ఇక్కడ ఇన్‌ఫ్లమేషన్ అని తెలుగు లిపిలోనే రాసి, పక్కనే ‘రక్షణ వ్యవస్థ చల్లారని స్థితి’ అనో, మీ ఉపసంపాదకులకు తోచిన ఇంకా మంచి మాటతోనో ఒక్క వాక్యం వివరణ ఇవ్వండి. ఇది అంటువ్యాధి కాదని స్పష్టంగా రాయండి. పరిశోధన ఎలుకల మీద జరిగిందా, మనుషుల మీద జరిగిందా, ఎంతమంది మీద జరిగింది అన్నది మొదటి పేరాలోనే ఉండాలి. వాడుతున్న మందును వైద్యుణ్ణి అడగకుండా ఆపవద్దని, మనసు బాగాలేనివారు, వారి ఇంటివారు కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చని ఆ పుట అడుగున వేయండి. సవరణ ప్రచురించేటట్లయితే, అసలు కథనం వచ్చినంత పెద్ద అక్షరాల్లో, అదే ఆదివారం పుటలో వేయవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను. మా అక్క కళ్లద్దాలు పెట్టుకుని చదివేది ఆ ఒక్క పుటనే. పంచాంగం కింద ఉన్న పాత కత్తిరింపును తీసేయమంటే, దాని బదులు పెట్టుకోవడానికి కొత్తది కావాలంటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు,
తెనాలి.